కేస్ షీట్ నుంచి కంప్యూటర్‌కి: నర్సింగ్ సిబ్బందిని మార్పుకు సిద్ధం చేయడం ఎలా?

1. ముందు తేదీ చూసుకోండి. గోదావరి డెల్టాలో జులై నుంచి సెప్టెంబరు దాకా, కేస్ షీట్ బదులు కంప్యూటర్‌లో రాసే కొత్త పద్ధతిని వార్డులో మొదలుపెట్టొద్దు. అవి గోదావరికి వరదలొచ్చే నెలలు. వరద ముదిరితే లంక గ్రామాల సిస్టర్లు పడవెక్కి డ్యూటీకి రావాలి. వార్డుల్లోనేమో జ్వరాలు, పాముకాట్లు. జనవరిలో సంక్రాంతి సెలవులు. అందుకే నా ఓటు ఫిబ్రవరికి.

2. సర్క్యులర్ అంటించే ముందే మూడు షిఫ్టుల వాళ్లతో విడివిడిగా కూర్చోండి. నైట్ డ్యూటీ వాళ్ల కోసం మీరే రాత్రి వెళ్లండి. ఎందుకు మారుస్తున్నారో, ఏవి మారవో చెప్పండి. "టైపింగ్ రాకపోతే మా సంగతేంటి మేడమ్?" అనేదే అసలు భయం. దానికి సూటిగా జవాబివ్వండి.

3. ఒక్క వార్డుతో మొదలుపెట్టండి. పసిబిడ్డ చేతిలో ఒక్క పోటుకే నరం పట్టే సీనియర్ సిస్టర్ కీబోర్డు దగ్గర తడబడొచ్చు. జూనియర్ల ముందు ఆమెను తొందరపెట్టకండి. ఆమెకూ, కంప్యూటర్ బాగా వచ్చిన ఒక జూనియర్‌కూ ఒకే షిఫ్టు వేస్తే ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు.

4. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. "కొన్నాళ్లు కాగితంలోనూ రాయండి, కంప్యూటర్‌లోనూ ఎక్కించండి" అంటే సిబ్బందికి రెట్టింపు చాకిరీ, రోగికి ప్రమాదం. ఇచ్చిన ఇంజెక్షన్ ఒకచోట రాసి రెండోచోట మరిస్తే, తర్వాతి షిఫ్టు సిస్టర్ మళ్లీ ఇచ్చేయొచ్చు. మందుల చార్టు ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. మిగతా వాటికి రెండు రాతలు తప్పకపోతే, కాగితం ఏ రోజు ఆపేస్తారో ముందే ప్రకటించి, ఆ రోజు ఆపేయండి. కరెంటు పోయినా, నెట్ ఆగినా వాడాల్సిన ఫారాలు, తర్వాత వాటిని ఎవరు ఎక్కించాలో రాసిన కాగితం నర్సింగ్ స్టేషన్‌లో చేతికందేలా పెట్టండి.

5. రోజూ హ్యాండోవర్‌లో, అంటే షిఫ్టు మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించే వేళ, ఒక్క ప్రశ్న: "నిన్న ఎక్కడ ఆగిపోయారు?" చెప్పినవాళ్లకు మెమో ఇస్తే రేపటి నుంచి ఎవరూ నోరు విప్పరు. వచ్చిన ఫిర్యాదు ఎవరు, ఎప్పటిలోగా సరిచేస్తారో అక్కడే చెప్పండి.

6. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1947లోనే మార్పును మూడు దశలుగా చెప్పాడు: పాత అలవాటు సడలించడం, మార్చడం, కొత్తది స్థిరపరచడం. మనం ఎక్కువగా వదిలేసేది మూడోదే. కొత్తగా చేరే స్టాఫ్ నర్సుల శిక్షణలో ఈ పద్ధతిని చేర్చండి. మొదట తడబడి నేర్చుకున్న సీనియర్ సిస్టర్‌కే ఆ క్లాసు అప్పగించండి. ఆ గంటలు డ్యూటీ కిందే లెక్కవేయండి.