ఒంటరి గదిలో అద్దం ముందు: ఎక్స్‌ప్రెషనిస్ట్ స్వీయచిత్రం వేసే పద్ధతి

జ్వరంతోనో, బదిలీ వల్లనో, అయినవాళ్లకు దూరమయ్యో ఒకే గదిలో రోజులు గడపాల్సి వస్తే, ఆ ఒంటరితనాన్ని కాగితం మీద పెట్టడానికి స్వీయచిత్రం మంచి దారి. ఎక్స్‌ప్రెషనిస్ట్ పద్ధతిలో పోలిక కుదరాల్సిన పని లేదు. లోపల ఉన్నది రంగులో బయటికి రావాలి.

కావలసినవి తక్కువే. 300 జీఎస్ఎం (అంటే మందపాటి) ఏ3 కాగితం, దానికంటే కొంచెం పెద్ద ప్లైవుడ్ ముక్క, మాస్కింగ్ టేపు, ఒక అంగుళం బల్లపరుపు కుంచె ఒకటి, అర అంగుళానిది మరొకటి. కుంచెల వెంట్రుకలు గట్టిగా ఉండాలి. మెత్తటి వాటర్ కలర్ కుంచె చిక్కటి రంగును లాగలేదు. అక్రిలిక్ రంగుల్లో లెమన్ యెల్లో, క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరీన్ (ముదురు నీలం), ముదురు ఆకుపచ్చ, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), తెలుపు చాలు. తెలుపు త్వరగా అయిపోతుంది, పెద్ద ట్యూబు తీసుకోండి. నలుపు కొనకండి. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ అంబర్ కలిపితే వచ్చే చీకటి నలుపుకన్నా లోతుగా ఉంటుంది.

నాలుగు వైపులా టేపు వేసి కాగితాన్ని బిగించండి, లేకపోతే తడికి ఉబ్బుతుంది. అంబర్‌ను మజ్జిగలా పలుచన చేసి కాగితమంతా పూసి, పూర్తిగా ఆరనివ్వండి. తెల్ల కాగితం పెట్టే బెదురు దీంతో పోతుంది. పోస్టర్ కలర్స్ వాడేవాళ్లు ఈ పూత వేయకూడదు. అవి ఆరినా తడి తగిలితే కరిగి పైరంగులో కలిసిపోతాయి. వాళ్లకు గోధుమరంగు చార్టు మేలు.

అద్దం చేతికందే దూరంలో ఉంచి, ట్యూబ్‌లైటు ఆర్పి, ఒక పక్కనుంచి మాత్రమే వెలుగు పడేలా కూర్చోండి. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని బిగుతు ఎక్కడుందో గమనించండి: దవడా, కనుబొమల మధ్యా, గొంతా? ఆ చోటుకు ఏ రంగు తడితే అదే దాని రంగు. ఎరుపంటే కోపం, నీలమంటే దిగులు అనే పట్టికలను నమ్మకండి. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ 1919లో వేసిన ‘స్పానిష్ ఫ్లూతో స్వీయచిత్రం’లో మనిషి కుర్చీలో, ఒళ్లో దుప్పటితో, నోరు కొద్దిగా తెరిచి కూర్చుంటాడు. ముఖంలో కళ్లూ నోరూ అస్పష్టంగానే ఉంటాయి. నీరసం చెప్పడానికి అవి చాలాయి.

పెన్సిల్ వద్దు. అది చేతిలో ఉంటే రబ్బరు కోసం వెతుకుతారు, ముక్కు సరిచేస్తారు, బొమ్మ పాస్‌పోర్ట్ ఫొటో వైపు వెళ్తుంది. పలుచటి నీలంతో కుంచెతోనే ఐదు నిమిషాల్లో గీసేయండి. తల కాగితం అంచులను తాకేంత పెద్దగా రావాలి.

తర్వాత రంగు, గడ్డ పెరుగంత చిక్కగా. నీడ వైపు నీలం, ఆకుపచ్చ లాంటి చల్లని రంగులు, వెలుగు వైపు ఎరుపు, పసుపు లాంటి వేడివి. ఎక్కువమంది చిత్రాలు పాడయ్యేది ఇక్కడే. చెంప మీద ఎరుపు తడిగా ఉండగానే పక్కన ఆకుపచ్చ పెట్టి రెండుసార్లు రుద్దితే చాలు, రెండూ కలిసి బురదరంగు అవుతాయి. అవి ఒకదాన్నొకటి చంపుకునే జంట. నీలం–నారింజ, పసుపు–ఊదా కూడా అంతే. కుంచె ఆనించండి, లాగండి, ఎత్తండి, పాతగుడ్డతో తుడిచి తర్వాతి గీత పక్కన వేయండి. బురద వచ్చేస్తే దానిమీదే దిద్దకుండా పాత ఏటీఎం కార్డుతో గీకి, ఆరాక కొత్త రంగు పెట్టండి. ఎండాకాలంలో ఫ్యాన్ కింద అక్రిలిక్ పళ్లెంలోనే గట్టిపడుతుంది. స్ప్రే సీసాతో అప్పుడప్పుడు నీళ్లు చల్లండి.

నలభై ఐదు నిమిషాలకు ఆపండి. ఇంకా ఏదో మిగిలిందనిపించినా సరే. ఆ తర్వాత చేసే దిద్దుబాట్లు సాధారణంగా అందం కోసమే, అవి నిజాన్ని కప్పేస్తాయి. కుంచెలను కాగితంతో తుడిచి, సబ్బునీళ్లతో కడిగి పడుకోబెట్టండి. అక్రిలిక్ ఒకసారి ఎండితే కుంచె మళ్లీ పనికిరాదు.

బొమ్మను గోడవైపు తిప్పి మర్నాడు చూడండి. వెనక తేదీ, నాలుగు వాక్యాలు రాయండి: ఏ చోట చెయ్యి ఆగింది, ఏ రంగు ఊహించనిది. కనీసం వారంపాటు ఎవరికీ చూపకండి, మెప్పు కోసం వేయడం మొదలవుతుంది. ఇది చికిత్సకు బదులు కాదు. వేసిన కొద్దీ గుండె బరువెక్కుతున్నా, రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచనలు వస్తున్నా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు.

ఐదారు బొమ్మలయ్యాక తేదీల వరుసలో నేలమీద పరచండి. ఒకే రంగు ప్రతిదాంట్లో ఒకే చోట కనిపిస్తే, తర్వాతిసారి ఆ ట్యూబు పక్కన పెట్టి, అది లేకుండానే మొదలుపెట్టండి.