'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం ఒక్కటే కాదు

న్యాయస్థానం పిటిషన్‌ను కొట్టివేసిందని పత్రికలో చదివినప్పుడు, ఎవరు ఎవరిని కొట్టారని మనం అడగము. కొట్టడం, వేయడం అనే రెండు క్రియలు కలిసి, విడివిడిగా ఉన్నప్పుడు లేని మూడో అర్థాన్ని ఇచ్చాయని తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులోని ఫ్రేజల్ వర్బ్ కూడా ఇటువంటిదే. కాకపోతే అక్కడ క్రియ పక్కన చేరేది మరో క్రియ కాదు, ఆఫ్, అప్, అవుట్ వంటి చిన్న మాట.

'పుట్ ఆఫ్'కు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అర్థం వాయిదా వేయడం. ఆషాఢంలో ముహూర్తాలు లేవని పెళ్లిని శ్రావణానికి జరిపితే "దే పుట్ ఆఫ్ ద వెడ్డింగ్ అంటిల్ శ్రావణం" అనవచ్చు. పెళ్లినే మానుకుంటే వాడవలసింది 'కాల్ ఆఫ్'. ఈ రెంటినీ తారుమారు చేస్తే బంధువులు రైలు టిక్కెట్లు రద్దు చేసుకుంటారు. ఏ రోజు వరకు వాయిదా పడిందో చెప్పడానికి 'అంటిల్ మండే' అనీ, ఎంత కాలం వెనక్కి జరిగిందో చెప్పడానికి 'బై ఎ వీక్' అనీ అనాలి. 'పుట్' భూతకాలంలోనూ 'పుట్'గానే ఉంటుంది కనుక, నిన్న జరిగినదో రోజూ జరిగేదో తక్కిన వాక్యాన్ని బట్టి గ్రహించాలి.

తెలుగు విద్యార్థులు తడబడేది ముఖ్యంగా రెండు చోట్ల. నామవాచకమైతే 'పుట్ ఆఫ్ ద మీటింగ్' అన్నా, 'పుట్ ద మీటింగ్ ఆఫ్' అన్నా సరిపోతుంది గాని, 'ఇట్', 'దెమ్' వంటి సర్వనామం వచ్చినప్పుడు దాని స్థానం నడుమనే. 'పుట్ ఇట్ ఆఫ్' అనాలి తప్ప 'పుట్ ఆఫ్ ఇట్' అనకూడదు. ఇక రెండవది, తరువాత మరో క్రియ వస్తే దానికి 'టు' చేర్చి 'పుట్ ఆఫ్ టు గో' అనడం. ఇక్కడ మన భాషే దారి చూపిస్తుంది: పళ్ల డాక్టరు దగ్గరకు 'వెళ్లడం' వాయిదా వేశానని అంటాము గనుక, ఆ 'వెళ్లడం'కు సరిగ్గా సరిపోయే 'గోయింగ్' వేసి "ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్" అంటే తప్పు దొర్లదు.

పనినే కాదు, మనిషిని కూడా 'పుట్ ఆఫ్' చేయవచ్చు. అప్పులవాడు వచ్చినప్పుడల్లా ఏదో సాకు చెప్పి తిప్పి పంపితే "హి కీప్స్ పుటింగ్ మీ ఆఫ్" అని అతడు వాపోతాడు. ఒకప్పుడు మన పల్లెల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి దయ్యాన్ని ఏ రోజుకారోజు తిప్పి పంపేవారు. ఈ అర్థానికి అంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

మూడో అర్థానికి వాయిదాతో సంబంధమే లేదు. ఏదో ఒకటి చూసో వినో మనసు విరిగిపోవడం, తినబుద్ధి గాని చేయబుద్ధి గాని కాకపోవడం అన్నమాట. "ద స్మెల్ పుట్ మీ ఆఫ్" అన్న వాక్యంలో కర్త ఆ వాసన. తెలుగులో 'నాకు తినబుద్ధి కాలేదు' అని మనం మన వైపు నుంచి చెప్పేదాన్ని ఇంగ్లీషు వాసన వైపు నుంచి చెబుతుంది. ఆ గుణం ఉన్నదాన్ని 'ఆఫ్‌పుటింగ్' అంటారు. బ్రిటన్ వాడుకలో ఏకాగ్రత చెదరగొట్టడమూ ఇదే మాట. బౌలర్ పరుగెత్తి వస్తుండగా సైట్‌స్క్రీన్ దగ్గర ఎవరో కదిలితే బ్యాట్స్‌మన్ 'పుట్ ఆఫ్' అవుతాడు.

చెప్పులు విప్పమనడానికి మాత్రం దీనిని వాడకండి. ఆ పనికి 'టేక్ ఆఫ్' ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో మండే పొద దగ్గర మోషేను చెప్పులు విడువమన్నప్పుడు 'పుట్ ఆఫ్' అనే ఉన్నది గాని, ఆ వాడుక నేడు పాతబడిపోయింది. లైటు ఆర్పమనడానికి మన దేశంలో 'పుట్ ఆఫ్' బాగానే చెల్లుతుంది. బయటి దేశాల్లో 'టర్న్ ఆఫ్' అనడం మేలు. తేదీని ముందుకు జరపడానికి మనం వాడే 'ప్రీపోన్' నిఘంటువులకెక్కినా, అక్కడివారికి 'బ్రింగ్ ఫార్వర్డ్' అంటేనే వెంటనే తెలుస్తుంది.

ఆఫీసు ఉత్తరంలో 'పోస్ట్‌పోన్' అనీ, కోర్టు వాయిదాకు 'అడ్జర్న్' అనీ రాయండి. 'పుట్ ఆఫ్' ఎక్కువగా మాటల్లో నడిచే పదం.