మోటార్‌హోమ్‌లో (ఇల్లులా వాడుకునే బండిలో) నీళ్ల పంపు కాసేపు నడిచి కాసేపు ఆగుతుంటే

కొత్త పంపుకు ఆర్డర్ పెట్టే ముందు ట్యాంకులో నీళ్లున్నాయో లేదో కళ్లతో చూడండి. ప్యానెల్ మీది లైట్లను నమ్మకండి. ట్యాంకు గోడకుండే సెన్సర్లకు పాచి పడితే, నీళ్లు అడుగంటినా సగం ఉన్నట్టే చూపిస్తాయి. నన్ను సాయం అడిగినవాళ్లలో చాలామంది ఈ ఒక్క పని చేయకుండానే పంపు విప్పేశారు.

కుళాయిలన్నీ కట్టేసినా మధ్యమధ్య గుర్రుమంటోంది

ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. టాయిలెట్ వాల్వు, బయటి షవర్, సింకు కింది బిగింపులు ఒక్కొక్కటీ పొడి టిష్యూతో తుడిచి చూడండి. ఎక్కడా తడి లేకపోతే, పంపులోని చెక్ వాల్వు (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది) నుంచి నీళ్లు వెనక్కి పోతున్నట్టు. క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి పైపు తగిలించినప్పుడు మీ ట్యాంకు దానంతటదే నిండుతుంటే ఆ అనుమానం బలపడుతుంది. పంపు తల విప్పి, వాల్వులో ఇసుక రేణువేదైనా ఇరుక్కుందేమో కడిగి చూడండి.

పంపు ఆగకుండా తిరుగుతోంది, నీళ్లు మాత్రం ఆగి ఆగి చిమ్ముతున్నాయి

గాలి పీలుస్తోంది. పంపు ముందుండే ఫిల్టర్ గిన్నె విప్పి, రబ్బరు రింగు సరిగ్గా కూర్చోబెట్టి చేత్తో బిగించండి. చలికాలం ముందు, పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ ఎక్కించడానికి తిప్పిన వాల్వును మళ్లీ ట్యాంకు వైపు తిప్పారా? చలి తగ్గి బండి బయటికి తీయగానే వచ్చే గొడవ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఒకసారి నడుస్తుంది, ఒకసారి ఉలుకూ పలుకూ ఉండదు

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. గ్రాండ్ కేన్యన్‌లోని మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలిపే చోట కరెంటు, నీళ్ల కనెక్షన్లుండవు. మన ట్యాంకూ మన బ్యాటరీయే దిక్కు. అక్కడ బియ్యం కడుగుతుంటే పంపు ఆగిపోయింది. గుప్పిటతో తడితే నడిచింది, తెల్లారి మళ్లీ ఆగింది. తడితే నడుస్తోందంటే లోపం పంపులోనే అనుకుని, ఇంటికి రాగానే కొత్తది వేశాను. తర్వాతి ట్రిప్పులో అదీ అలాగే ఆగింది.

నేను తట్టినప్పుడల్లా పంపుతో పాటు దాని నల్ల వైరు కూడా కదులుతోంది. ఆ వైరును చాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) పట్టి ఉంచిన స్క్రూ పైకి బిగుతుగానే ఉంది. విప్పితే లగ్గు (వైరు కొసనుండే లోహపు రింగు) అడుగు నుంచి గోధుమరంగు తుప్పు పొడి రాలింది.

పంపు ఆగి ఉన్నప్పుడు మీటరు పెడితే ఈ తుప్పు దొరకదు. కరెంటు పారనంతసేపు 12.6 వోల్టులు చక్కగా కనిపిస్తాయి. పంపు 6 ఆంపియర్లు లాగుతుంటే, అర ఓం అడ్డుకే 3 వోల్టులు అక్కడ పోతాయి. అందుకే స్విచ్ వేసి, కుళాయి తెరిచి, పంపు రెండు వైర్ల మధ్య కొలవండి. 11 కంటే తగ్గితే మీటరు ఒక పిన్ను పంపు నల్ల వైరుకు, రెండోది బ్యాటరీ నెగటివ్‌కు పెట్టండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. ఒక వోల్టు దాటిందంటే తప్పు గ్రౌండ్‌దే, అంటే నల్ల వైరు నుంచి చాసిస్ మీదుగా బ్యాటరీకి వెళ్లే దారిదే. అక్కడ బాగుంటే ఎర్ర వైరు దారిలో స్విచ్, ఫ్యూజు హోల్డర్ ఇలాగే చూడండి.

బాగుచేసే ముందు బయటి కరెంటు ప్లగ్ తీసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. లోహం తళతళలాడే దాకా ఎమెరీ పేపర్‌తో రుద్దండి. పాత లగ్గు కోసేసి కొత్తది వైరుకు క్రింప్ చేసి (నొక్కి పట్టించి), పళ్ల వాషర్‌తో బిగించి, పైన గ్రీజు పూయండి. పట్టుమని పావుగంట పని.

మోటారు బ్రష్‌లు అరగడం, ప్రెషర్ స్విచ్ పాయింట్లు కాలడం కూడా ఉంటాయి కానీ అరుదు. కుళాయి తెరిచి ఉండగా పంపు దగ్గర 12 వోల్టులు నిండుగా అందుతూ, అయినా అది కదలకపోతేనే కొత్త పంపు కొనండి.