నాచురల్ డ్రై డాగ్ ఫుడ్ కొనేముందు బ్యాగు వెనక వైపు ఎలా చదవాలి?

మా లాబ్ (లాబ్రడార్ కుక్క) పేరు చిట్టి, ఆరేళ్లు నిండాయి. రెండేళ్ల కిందట పెట్ షాపులో "ఇది ఫుల్ నాచురల్ మేడమ్, ఇంపోర్టెడ్" అంటే నమ్మి పెద్ద బ్యాగు మోసుకొచ్చాను, ముందు వైపు చేపలు, బ్లూబెర్రీలు, పచ్చటి పొలం, చూస్తేనే ముచ్చటేసింది. రెండు నెలలు తిరిగేసరికి పిల్ల మూడు కేజీలు పెరిగింది, మెట్లెక్కడానికి ఆయాసపడింది. బ్రాండ్ మోసం అనుకుని బాగా తిట్టుకున్నాను గానీ, ఒకరోజు తీరిగ్గా కూర్చుని బ్యాగు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివితే అది రోజంతా పరుగులు పెట్టే కుక్కల కోసం చేసిన రెసిపీ అని అక్కడే రాసుంది. మా చిట్టి ఫ్యాన్ కింద పడుకునే కుక్క.

అప్పట్నుంచి నేను "ఏ బ్రాండ్ మంచిది" అని ఎవర్నీ అడగట్లేదు, ఎవరన్నా నన్నడిగినా చెప్పట్లేదు. ఒకే బ్రాండ్‌లో ఒక రెసిపీ మీ కుక్కకి అమృతం, పక్కనున్న ఇంకో రెసిపీ చేటు. కాబట్టి చూడాల్సింది రెసిపీని. ఎలా చూడాలో నేను చేసే వరసలోనే చెప్తాను.

ముందు "నాచురల్" అనే మాట సంగతి తేల్చుకోండి

అమెరికాలో ఆఫ్‌కో (AAFCO) అని ఒక సంఘం ఉంది, అక్కడి రాష్ట్రాల ఫీడ్ కంట్రోల్ అధికారులందరూ కలిసి పెట్టుకున్నది, పెట్ ఫుడ్ లేబుళ్ల మీద ఏం రాయొచ్చో ఏం రాయకూడదో వాళ్లే నమూనా రూల్స్ రాస్తారు. వాళ్ల లెక్కలో నాచురల్ అంటే మొక్కల నుంచో జంతువుల నుంచో గనుల నుంచో వచ్చినది, కెమికల్‌గా తయారుచేసినవి కలపనిది. విటమిన్లు, మినరల్స్ మాత్రం సింథటిక్‌వి వేసుకోవచ్చు, ఆ విషయం పక్కనే రాయాలి. అంతే అండి. ఆ మాటకీ పోషణకీ సంబంధం లేదు, మాంసం ఎంతుందో అది చెప్పదు.

మన దగ్గర ఇంకో విషయం తెలుసుకోవాలి. 2006 నాటి ఫుడ్ సేఫ్టీ చట్టంలో "ఆహారం" అనే మాటకిచ్చిన అర్థంలోంచి పశువుల దాణాని బయట పెట్టేశారు, అంటే మనం తినే బిస్కెట్ ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టే కన్ను కుక్క గింజల బ్యాగు మీద ఆ చట్టం కింద ఉండదు. అందుకే ఆ కన్ను మనమే పెట్టాలి.

తర్వాత బ్యాగు తిప్పి ఒక్క వాక్యం వెతకండి

ఎక్కడో మూలన ఉంటుంది, ఇంపోర్టర్ స్టిక్కర్ దాని మీదే అంటించేసి ఉన్నా ఆశ్చర్యపోవద్దు. "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని, ఏ వయసుకి అని. అమెరికా, కెనడా బ్యాగులైతే ఆఫ్‌కో పేరు, యూరప్‌వైతే "కంప్లీట్" అని ఉంటుంది, కొన్నిటి మీద అక్కడి పెట్ ఫుడ్ కంపెనీల సమాఖ్య ఫెడియాఫ్ (FEDIAF) పేరు కూడా కనపడొచ్చు. ఆ వాక్యం లేకుండా "సప్లిమెంటరీ" అనో "కాంప్లిమెంటరీ" అనో ఉంటే అది రోజూ కడుపు నింపే తిండి కాదు, పక్కన పెట్టే చిరుతిండి.

ఒకటి గుర్తుంచుకోండి, ఆఫ్‌కో ఏ బ్రాండ్‌నీ టెస్ట్ చేయదు, అప్రూవ్ చేయదు. "ఆఫ్‌కో అప్రూవ్డ్" అని ఎవరన్నా చెప్తే వాళ్లకి తెలీదన్నమాటే. ఆ వాక్యంలో రెండు రకాలుంటాయి: కాగితం మీద ప్రమాణాలకి సరిపోయేలా రెసిపీ తయారుచేశాం అనేది ఒకటి, కుక్కలకి పెట్టి చూశాం అనేది రెండోది. రెండోదాంట్లో ఎదిగిన కుక్కల టెస్ట్ అయితే కనీసం 8 కుక్కలు, 26 వారాలు. చిన్న టెస్టే గానీ అసలు లేనిదానికంటే నయం.

వయసు దగ్గర మాత్రం పొరపాటు పడొద్దు. ఎదిగిన కుక్కకి డ్రై మ్యాటర్ (తేమ తీసేసిన బరువు) లెక్కలో కనీసం 18% ప్రొటీన్, 5.5% కొవ్వు ఉండాలి, ఎదిగే పిల్లకి 22.5%, 8.5%. లాబ్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల పిల్లలుంటే "పెద్ద సైజు కుక్కల ఎదుగుదలకి కూడా" అని విడిగా రాసుందో లేదో చూడండి, వాటికి కాల్షియం 1.8% దాటకూడదు, దాటితే ఎముకలూ కీళ్లూ వంకర పోయే ప్రమాదం ఉంది. బలం వస్తుందని ఫుడ్ మీద మళ్లీ కాల్షియం సిరప్ పోసేవాళ్లని చాలామందిని చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

ఇంగ్రీడియెంట్స్ లిస్టు: ఇక్కడ టైమ్ తీసుకోండి

లిస్టు బరువు ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి ఉంటుంది, కానీ ఆ బరువు వండక ముందుది. పచ్చి చికెన్‌లో 70% దాకా నీళ్లే. మనకి ఎండుచేపలు తెలుసు కదా, బుట్టెడు పచ్చి చేపలు ఎండబెడితే చారెడు అవుతాయి, ఇదీ అంతే. "చికెన్" మొదట, "బియ్యం" రెండో స్థానంలో ఉంటే గింజ తయారయ్యాక బియ్యమే ముందుకొచ్చేసి ఉండొచ్చు. "చికెన్ మీల్" అంటే ముందే నీళ్లూ కొవ్వూ తీసేసి పొడి చేసినది, వినడానికి బాగోదు గానీ బరువుకి బరువు చూస్తే ప్రొటీన్ దాంట్లోనే ఎక్కువ. మీల్ అనగానే చెత్త అనుకోకండి, ఏ జంతువుదో పేరు చెప్పారా లేదా అనేది చూడండి. ఉత్త "మీట్ మీల్" అనో "యానిమల్ ఫ్యాట్" అనో ఉంటే నేను పక్కన పెట్టేస్తాను.

రెండో కిటుకు, ముక్కలు చేయడం. బఠాణీలు, బఠాణీ ప్రొటీన్, బఠాణీ పీచు, బఠాణీ పిండి అని నాలుగుగా రాస్తే ఒక్కోటీ కింద కనపడుతుంది, కలిపితే పైనున్న మాంసాన్ని దాటేయొచ్చు. నేను పెన్ను తీసుకుని ఒకే జాతివన్నీ సున్నా చుట్టేస్తాను. ఉదాహరణకి కెనడాలో పుట్టిన ఓరిజెన్ వాళ్ల ఒరిజినల్ రెసిపీ చూడండి, ముందంతా చికెన్, టర్కీ, చేపలు, గుడ్లు, నిజంగానే మాంసం చాలా ఎక్కువ. కానీ కిందకొస్తే ఎర్ర పప్పు, పచ్చ పప్పు, బఠాణీ, శనగలు, రకరకాల బీన్స్ వరసగా ఉంటాయి. అది దాచడం అని నేననను, అన్నీ పేరుపేరునా రాశారు, కానీ పప్పుజాతి అంతా కలిపి ఎంతో మనం ఊహించుకోవాలి.

పేరులో కూడా లెక్కుంది. అమెరికా రూల్స్‌లో "చికెన్ రెసిపీ" అంటే కలిపిన నీళ్లు తీసేస్తే చికెన్ కనీసం 25% ఉండాలి, "విత్ చికెన్" అంటే 3% చాలు, "చికెన్ ఫ్లేవర్" అంటే రుచి తగిలితే చాలు. ఒక్క మాట తేడాలో ఎంత ఉందో చూడండి!

ఇంక ఆ బ్లూబెర్రీలు, క్రాన్‌బెర్రీలు, రోజ్‌మేరీ ఆకులు... ఉప్పు తర్వాత రాసి ఉంటే అవి చిటికెడే. గింజలో ఉప్పు ఎంతుంటుంది, మహా అయితే ఒక శాతం, ఆ కిందున్నవన్నీ అంతకంటే తక్కువే.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి

గ్యారంటీడ్ అనాలసిస్ అని ప్రొటీన్, కొవ్వు, తేమ ఎంతెంతో చెప్పే చిన్న పట్టిక ఉంటుంది. దాన్ని అలాగే పోల్చకూడదు, తేమ తీసేసి పోల్చాలి. ప్రొటీన్‌ని, 100 లోంచి తేమ తీసేస్తే మిగిలినదాంతో భాగించి వందతో గుణించండి. పైన చెప్పిన ఓరిజెన్‌లో 38% ప్రొటీన్, 12% తేమ, అంటే 38 ని 88 తో భాగిస్తే సుమారు 43%. అదే 80% తేమ ఉన్న వెట్ ఫుడ్ డబ్బా మీద 8% అని ఉంటే అది తక్కువ అనిపిస్తుంది కదా, లెక్కేస్తే 40% వస్తుంది.

పిండిపదార్థం ఎంతో చాలామంది రాయరు. 100 లోంచి ప్రొటీన్, కొవ్వు, తేమ, పీచు తీసేసి, బూడిద (అంటే తిండిని కాలిస్తే మిగిలే ఖనిజాలు) రాయకపోతే దానికి 8 వేసుకుని అదీ తీసేయండి, మిగిలింది పిండి. 24% ప్రొటీన్, 10% కొవ్వు, 10% తేమ, 4% పీచు ఉన్న బ్యాగులో 44% పిండే. అది తప్పు కాదు, కుక్కలు పిండిని బాగానే అరిగించుకుంటాయి, కానీ ముందువైపు తోడేలు బొమ్మ వేసి డబుల్ రేటు తీసుకుంటుంటే మాత్రం అడగాల్సిందే.

"క్రూడ్ ప్రొటీన్" అంటే ఏంటో కూడా చెప్తాను, ఎందుకంటే దీనివల్ల ప్రాణాలు పోయాయి. ల్యాబులో నైట్రోజన్ కొలిచి దాన్ని 6.25 తో గుణిస్తారు, అది మాంసంలోంచి వచ్చిందా ఇంకోదాన్నుంచి వచ్చిందా ఆ టెస్ట్‌కి తెలీదు. 2007లో చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో ప్రొటీన్ ఎక్కువున్నట్టు చూపించడానికి నైట్రోజన్ ఎక్కువుండే మెలమైన్ అనే కెమికల్ కలిపారు, అది పడి అమెరికాలో కుక్కలూ పిల్లులూ కిడ్నీలు పోయి చచ్చిపోయాయి, ఒక దాని తర్వాత ఒకటి ఎన్నో బ్రాండ్లు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. కాబట్టి ప్రొటీన్ అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు.

క్యాలరీలు కూడా చూడాలి, నేను దెబ్బతిన్నది ఇక్కడే. మీ కుక్క బరువు కేజీల్లో వేసుకుని బరువు × బరువు × బరువు చేసి దానికి రెండుసార్లు వర్గమూలం తీయండి, 70 తో గుణించండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, ఎదిగిన కుక్కయితే మళ్లీ 1.6 తో. 30 కేజీల కుక్కకి రోజుకి సుమారు 1,435 కిలోక్యాలరీలు వస్తాయి, మా చిట్టిలా కదలని కుక్కకి ఇంకా తగ్గించాలి. పైగా లాబ్‌ల విషయంలో 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఒక సంగతి చెప్పారు, దాదాపు పావు వంతు లాబ్‌లలో ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో కొంత భాగం లేదట, అందుకే ఎంత పెట్టినా ఇంకా కావాలన్నట్టు చూస్తాయి. ఆ చూపు చూసి కరిగిపోవద్దు, గ్రాముల్లో తూచి పెట్టండి.

రేటు కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. ఒక 10 కేజీల బ్యాగు 3,000 రూపాయలు, కేజీకి 3,400 కిలోక్యాలరీలు అనుకోండి, ఇంకోటి 4,000 రూపాయలు, కేజీకి 4,000. బ్యాగు దగ్గర తేడా వెయ్యి, కానీ ఆ కుక్కకి రోజుకి మొదటిది 422 గ్రాములు, రెండోది 359 గ్రాములు, ఖర్చు 127 రూపాయలు ఒకటి, 144 ఒకటి. రోజుకి 17 రూపాయలే.

గ్రెయిన్ ఫ్రీ (ధాన్యాలు లేని తిండి) కావాలా?

నా మటుకు నేను కారణం లేకుండా కొనను. 2018 జూలైలో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుండె కండరం పెద్దదై బలహీనపడే జబ్బు, డీసీఎం అంటారు, దాని మీద దర్యాప్తు మొదలెట్టింది, 2019 ఏప్రిల్ ఆఖరుకి వచ్చిన 524 రిపోర్టుల్లో పేర్లు చెప్పిన ఫుడ్స్‌లో 90% పైగా గ్రెయిన్ ఫ్రీవే, 93% వాటిల్లో బఠాణీలో పప్పులో ఉన్నాయి. అవే కారణమని ఇప్పటికీ రుజువు కాలేదు, 2022 డిసెంబర్‌లో కొత్త శాస్త్రీయ సమాచారం వస్తే తప్ప ఇంక అప్‌డేట్లు ఇవ్వమని ఎఫ్‌డీఏ చెప్పేసింది. ఇలాంటప్పుడు బియ్యం, ఓట్స్ ఉన్న రెసిపీ దొరుకుతుంటే రిస్క్ ఎందుకు అని నా ఆలోచన. దురద ఉంది కాబట్టి గ్రెయిన్ ఫ్రీ అంటారు చాలామంది, కానీ కుక్కల్లో తిండి ఎలర్జీలు ఎక్కువగా బీఫ్, పాలు, చికెన్‌కి వస్తాయి, గోధుమ ఆ తర్వాతే. పాపం బియ్యాన్ని అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం.

కంపెనీకి మెయిల్ పెట్టండి

చాలామంది వదిలేసే పని ఇది. ఈ రెసిపీ రాసిందెవరు, వాళ్లు జంతు పోషణ చదివినవాళ్లేనా? సొంత ఫ్యాక్టరీయా, వేరేవాళ్ల దగ్గర చేయిస్తారా? ప్రతి బ్యాచ్‌కీ ఆఫ్లటాక్సిన్ (బూజు విషం), సాల్మొనెల్లా (జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) టెస్టులు చేస్తారా? కనీసం, గరిష్ఠం కాకుండా మామూలుగా వచ్చే అంకెలు పంపగలరా? ప్రపంచ చిన్న జంతువుల వెటర్నరీ సంఘం, అదే వ్సావా, ఇలాంటి ప్రశ్నలే అడగమంటుంది, అది కూడా ఏ బ్రాండ్‌కీ సర్టిఫికెట్ ఇవ్వదు. నేను ఒకరికి రాస్తే "100% నాచురల్ మేడమ్" అని ఒక్క లైను వచ్చింది, ఇంకొకరు మూడు రోజుల్లో పూర్తి అనాలసిస్ పీడీఎఫ్ పంపారు. రెండోవాళ్ల దగ్గరే కొంటున్నాను.

ఆఫ్లటాక్సిన్ సంగతి మన వేరుశనగ రైతులకి బాగా తెలుసు, బూజు పట్టిన గింజల్లో వచ్చే విషం, వేడికి పూర్తిగా పోదు, లివర్‌ని తినేస్తుంది. 2020 డిసెంబర్‌లో అమెరికాలో స్పోర్ట్‌మిక్స్ అనే బ్రాండ్ డ్రై ఫుడ్ దీనివల్లే రీకాల్ అయింది, ఎన్నో కుక్కలు చచ్చిపోయాయి. మొక్కజొన్న నాచురలే, బూజూ నాచురలే.

కొన్నాక

నాచురల్ ఫుడ్‌లో కొవ్వు పాడవకుండా ఎక్కువగా విటమిన్ ఈ రకాలు, రోజ్‌మేరీ వేస్తారు, అవి కెమికల్ ప్రిజర్వేటివ్‌లంత కాలం ఆగవు, అందుకని షిట్జూ లాంటి చిన్న కుక్కకి 12 కేజీల బ్యాగు కొనకండి, తెరిచాక నెలా నెలన్నరలో అయిపోయే సైజు చాలు. లూజుగా కేజీల లెక్కన అమ్మేది అసలొద్దు, దానికి తేదీ ఉండదు, బ్యాచ్ ఉండదు. విజయవాడ ఎండకీ వైజాగ్ తేమకీ గింజలు త్వరగా మెత్తబడి కంపు కొడతాయి, బ్యాగుతో సహా డబ్బాలో పెట్టి మూత బిగించండి. పాత డ్రమ్ములో కొత్త గింజలు పోసేస్తే అడుగున అంటుకున్న పాత నూనె కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

మార్చడం వారం పది రోజుల్లో మెల్లగా చేయండి, మొదట పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు. మా అత్తయ్యగారు గింజల్లో పెరుగన్నం కలపందే ఊరుకోరు, రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకుండా ఉంటే ఫర్వాలేదని ఒప్పించాను, సాంబార్ మాత్రం వద్దన్నాను, ఉల్లిపాయ కుక్కకి విషం.

రెండు నెలలు చూడండి. విరేచనం గట్టిగా, చేత్తో తీస్తే నేలకి అంటకుండా ఉండాలి. పక్కటెముకలు నిమిరితే చేతికి తగలాలి, కంటికి మరీ కనపడకూడదు. వాంతులు, రక్త విరేచనాలు, రెండు పూటలు ముద్ద ముట్టకపోవడం లాంటివి కనపడితే ఆ ఫుడ్ ఆపేసి డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, వెళ్లేటప్పుడు గుప్పెడు గింజలు కవర్లో కట్టి పట్టుకెళ్లండి. బ్యాగు తెరిచిన రోజే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఆ గింజలు అయిపోయిన నెలదాకా డిలీట్ చేయకండి.