నాలుగు టైర్లలోనూ గాలి తగ్గింది, పంక్చర్ లేదు

సిరొంచలో చలికాలం. పొద్దున చూస్తే కారు టైర్లు నాలుగూ 33 నుంచి 28 పీఎస్‌ఐకి దిగాయి.

"వాల్వులు మార్చాలె అన్నా" అన్నాడు పంక్చర్ షాపు తమ్ముడు. నాలుగూ ఒకే రాత్రి, ఒకే లెక్కన లీకవుతాయా? సబ్బు నీళ్లు పోస్తే ఒక్క బుడగా రాలేదు.

ముందురోజు మంచిర్యాల నుంచి రాగానే, వేడి టైర్లకే గాలి కొట్టించాను. లోపల 50 డిగ్రీలనుకుందాం, తెల్లారేసరికి 14. టైరు ఘనపరిమాణం దాదాపు మారదు కనుక పీడనం ఉష్ణోగ్రత వెంటే దిగుతుంది. గేజీ చూపని వాతావరణ పీడనం 14.7 కలిపి, కెల్విన్‌లో (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపి) లెక్కెయ్యాలి: 47.7ను 323తో భాగించి 287తో హెచ్చిస్తే 42.4. అందులో 14.7 తీస్తే 27.7. (సెల్సియస్‌లో వేస్తే టైరు అప్పడమే!)

బండి కదలకముందే, చల్లటి టైర్లకు 33 కొట్టించాను. మధ్యాహ్నం 37 చూపినా గాలి తియ్యలేదు. కంపెనీ రాసే అంకె చల్లటి టైరుకే.