గడ్డకట్టే చలిలో కూడా బోటు వాడేవాళ్లు చూసుకోవాల్సినవి

చలికాలమంతా బోటు షెడ్డులో పెట్టేసేవాళ్లకి పెద్ద పనేం ఉండదు, ఒక్కసారి నీళ్లన్నీ దింపేసి కవర్ కప్పేస్తే అయిపోతుంది. ఆ చలిలో కూడా చేపల వేటకి వెళ్లేవాళ్లకే అసలు తలనొప్పి, ఎందుకంటే వెళ్లిన ప్రతిసారీ ఇంజిన్లోకి, పంపుల్లోకి నీళ్లు ఎక్కుతాయి, ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ మళ్లీ దింపాల్సిందే. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, దానికి ఇనప ఇంజిన్ బ్లాక్ కూడా పగిలిపోద్ది.

ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే మోటార్) అయితే బోటు బయటికి లాగగానే మోటార్‌ని పూర్తిగా కిందికి దించి నిటారుగా ఉంచండి, నీళ్లు కారడం ఆగేదాకా. ఇంటికెళ్లాక కూడా అలాగే ఉంచితే మంచిది, పైకెత్తి పెడితే ప్రొపెల్లర్ మధ్యలో ఉండే హబ్‌లో వాన నీళ్లు చేరి గడ్డకట్టే ఛాన్స్ ఉంది. ఇన్‌బోర్డ్ (బోటు లోపలే ఉండే ఇంజిన్) అయితే ఇది సరిపోదు, బ్లాక్‌కి ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు విప్పాలి. విప్పినా నీళ్లు రాలేదంటే లోపల ఖాళీ అనుకోకండి, చాలాసార్లు తుప్పు పొట్టు అడ్డం పడి ఉంటుంది, సన్న తీగ పెట్టి పొడిస్తే అప్పుడు బుడబుడమని వస్తాయి.

మళ్లీ వెళ్లినప్పుడు కీ తిప్పడానికి తొందరపడొద్దు. వాటర్ పంపులో ఏ కాస్త నీళ్లు మిగిలినా ఇంపెల్లర్ (నీళ్లని తోసే చక్రం) రబ్బరు రెక్కలు మంచుకి అతుక్కుని ఉంటాయి, స్టార్ట్ చేశారంటే తెగిపోతాయి. మోటార్‌ని కాసేపు నీళ్లలో మునిగి ఉండనిచ్చి అప్పుడు స్టార్ట్ చేయండి, పంపు పనిచేస్తోందని చూపించే సన్న నీటి ధార మోటార్ పక్కనుంచి రాకపోతే వెంటనే ఆపేయండి.

గేర్ ఆయిల్ కొంచెం తీసి చూడండి, మజ్జిగలా తెల్లగా ఉంటే సీల్ పోయి నీళ్లు వెళ్తున్నట్టే, అది బాగుచేయించకుండా చలిలో తిప్పొద్దు.

లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికుంచే నీళ్ల తొట్టి) పంపు, పైపులు మర్చిపోయేవాళ్లే ఎక్కువ. వాటిలో యాంటీఫ్రీజ్ పోయాలంటే ప్రొపైలిన్ గ్లైకాల్ రకమే వాడండి, కార్లలో ఎక్కువగా వాడే ఎథిలిన్ గ్లైకాల్ విషం. ఏది పోసినా చేపలు వేసేముందు శుభ్రంగా కడగాలి.

బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉంటే మామూలు చలికి ఏం కాదు, పూర్తిగా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మాత్రం మైనస్ 7 డిగ్రీల దగ్గరే గడ్డకట్టగలదు. లిథియం అయితే సున్నా కంటే కింద ఛార్జింగ్ పెట్టకండి. పెట్రోల్ ట్యాంక్ దాదాపు నిండుగా ఉంచితే లోపల తేమ పట్టడం తగ్గుతుంది, అంతే.

ఇక ట్రైలర్. దూరం నుంచి తోలుకొచ్చాక చక్రాల హబ్బులు వేడిగా ఉంటాయి, అలాగే చల్లటి నీళ్లలోకి దించితే లోపలికి నీళ్లు పీల్చుకుంటాయి, కాసేపు ఆగి దించండి. బోటు అడుగున ఉండే ప్లగ్‌ని ర్యాంప్ (బోటుని నీళ్లలోకి దించే వాలు) మీద తీయొద్దు, కారిన నీళ్లు అక్కడే గడ్డకట్టి వెనకొచ్చే బండి జారుతుంది, పైన పక్కకి లాగాక తీయండి. తీసిన ప్లగ్‌ని స్టీరింగ్‌కి కట్టేసుకోండి, లేదంటే అది పెట్టకుండానే బోటు నీళ్లలోకి దించేస్తారు.