మాస్ స్టిచ్ మధ్యలో గీతలు పడితే

కొరాపుట్ చలికి మఫ్లర్ అల్లాలంటే నేను ముందుగా చెప్పేది మాస్ స్టిచ్, అంటే చిన్న చిన్న గింజలు పరిచినట్టు కనిపించే అల్లిక. అంచులు ముడుచుకోవు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. మరమ్మతుకు వచ్చినవాటిలో ఎక్కువగా చూసేది ఒకటే లోపం: నాలుగు వేళ్ల మేర గింజలు చక్కగా పడి, ఆపైన నిలువు గీతలు.

కుట్ల లెక్క బేసిగా ఉండాలి. డబుల్ నిట్ (మధ్యరకం మందం) ఊలుకి 8 నంబర్ (4 మి.మీ.) సూదులు, 31 కుట్లు. ఒక సీదా (నిట్, ఇటు నున్నగా కనిపించే కుట్టు), ఒక ఉల్టా (పర్ల్, ఇటు గింజలా కనిపించేది), చివరికి సీదా. ప్రతి వరుసా ఇదే. వరుస ఉల్టాతో ముగిసిందంటే లెక్క తప్పింది, అక్కడే ఆగి ఎంచాలి.

లెక్క ఎందుకు తప్పుతుందంటే, ఉల్టాకి ముందు దారం రెండు సూదుల మధ్య నుంచి ముందుకి రావాలి, సీదాకి మళ్లీ వెనక్కి. తొందరలో సూది మీదుగా తెస్తే ఒక ఉచ్చు అదనంగా పడుతుంది. 31 కాస్తా 32 అవుతాయి. అప్పుడు సీదా మీద సీదా, ఉల్టా మీద ఉల్టా పడి రిబ్, అంటే నిలువు గీతల అల్లిక అవుతుంది.

ఉచ్చు ఇప్పుడే అల్లిన వరుసలోనే ఉంటే అల్లకుండా సూది నుంచి జార్చేయండి, చాలు. పైన వరుసలు అల్లేసి ఉంటే అక్కడిదాకా విప్పడమే మేలు. ఒక్క కుట్టే తారుమారైతే దాన్ని మాత్రం కిందికి జార్చి క్రోషా సూదితో ఎక్కించండి: సీదాకి ఇటునుంచి, ఉల్టాకి అల్లికను తిప్పి అటునుంచి. అల్లేటప్పుడు గుర్తు సులువు, సూది మీది కుట్టుకి గింజ కనిపిస్తే సీదా వేయాలి, నున్నగా ఉంటే ఉల్టా.

యాక్రిలిక్ ఊలైతే ఇస్త్రీ మాత్రం వద్దు, గింజలు అణిగిపోతాయి.